సెన్సర్ మార్చే ముందు ఫ్యూయల్ ట్రిమ్ చూడండి

పోయిన వీడియోలో ఓబీడీ డాంగిల్ కారులో ఎక్కడ గుచ్చాలి, ఫోన్‌లో యాప్‌కి ఎలా కనెక్ట్ చేయాలి అనేది చూశాం. ఆ వీడియో చూసి ఖమ్మం నుంచి ఒక తమ్ముడు స్క్రీన్‌షాట్ పంపాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 1.2 లీటర్ పెట్రోల్ కారు. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. యాప్‌లో కోడ్ చూస్తే పి0171, అంటే "సిస్టమ్ టూ లీన్, బ్యాంక్ 1". గ్యారేజీకి తీసుకెళ్తే ఆక్సిజన్ సెన్సర్ పోయింది, మార్చాలి, కంపెనీ సెన్సర్ అయితే ఇంత అని రేటు చెప్పారట. "మార్చేయమంటారా అన్నా?" అని అడిగాడు.

ఆగు తమ్ముడూ. ఆ కోడ్‌ని ఇంకోసారి చదువు. సెన్సర్ పోయిందని అందులో ఎక్కడైనా ఉందా? లేదు కదా. ఇంజిన్‌లోకి వెళ్తున్న మిశ్రమంలో గాలి ఎక్కువైంది, పెట్రోల్ తక్కువైంది అని మాత్రమే ఉంది. ఆ మాట చెప్పిందే ఆక్సిజన్ సెన్సర్. జ్వరం 103 చూపించిందని థర్మామీటర్ మారుస్తామా?

థర్మామీటర్లు కూడా ఒక్కోసారి పాడవుతాయి, కాదనను. అది ఎలా కనిపెట్టాలో కూడా చెప్తాను. కానీ డబ్బు ఖర్చు పెట్టే ముందు మీ ఫోన్‌లోనే ఒక పది నిమిషాల పని ఉంది. ఈరోజు వీడియో దాని గురించే.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకోవాలి. పెట్రోల్ పూర్తిగా కాలాలంటే 1 కిలో పెట్రోల్‌కి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ లెక్క కుదిరితే సైలెన్సర్ పైపులో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా బాగా పనిచేస్తుంది. ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, లోపలికి ఎంత గాలి వస్తుందో కొలిచి, దానికి తగ్గట్టు ఇంజెక్టర్‌ని ఇన్ని మిల్లీసెకన్లు తెరువు అని ఆర్డర్ వేస్తుంది. ఇది లెక్క ప్రకారం పోసే పెట్రోల్. కానీ లెక్క ఎప్పుడూ వంద శాతం కరెక్ట్ అవదు. ఇంజెక్టర్‌కి కాస్త మట్టి పట్టి ఉంటుంది, పెట్రోల్ బంకుకి బంకుకి తేడా ఉంటుంది, ఇంజిన్ పాతబడుతుంది.

అమ్మ అన్నం వండేటప్పుడు చూడండి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల ఎసరు, ఇది లెక్క. కానీ పాత బియ్యం ఎక్కువ నీళ్లు తాగుతాయి, కొత్త బియ్యానికి ఎసరు తగ్గించాలి, లేకపోతే ముద్దైపోతుంది. వండుతూ వండుతూ మెతుకు పట్టి చూసి, ఇంకొంచెం నీళ్లు చల్లుతుంది. ఆ అప్పటికప్పుడు చల్లే నీళ్లే షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. నాలుగు రోజులు వరసగా చల్లాల్సి వస్తే? "ఈ బస్తా బియ్యం నీళ్లు ఎక్కువ తాగుతున్నాయి, ముందే అర గ్లాసు ఎక్కువ పోద్దాం" అని గుర్తు పెట్టుకుంటుంది. అది లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. మెతుకు పట్టి చూసే వేలు, అదే ఆక్సిజన్ సెన్సర్.

యాప్‌లో ఈ రెండూ పర్సెంటేజ్‌లో కనిపిస్తాయి. ఎస్‌టీఎఫ్‌టీ, ఎల్‌టీఎఫ్‌టీ అని ఉంటాయి. షార్ట్ టర్మ్ గబగబా కిందికీ పైకీ కొట్టుకుంటూ ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. లాంగ్ టర్మ్ నెమ్మదిగా కదులుతుంది. రెండూ కలిపి చూడాలి. లాంగ్ టర్మ్ +8, షార్ట్ టర్మ్ +3 అయితే మొత్తం +11. లాంగ్ టర్మ్ +8, షార్ట్ టర్మ్ −8 అయితే మొత్తం సున్నా, అంటే పాత అలవాటు ఇప్పుడు అవసరం లేక ఈసీయూ దాన్ని వెనక్కి తీసుకుంటోంది. మొత్తం ప్లస్ మైనస్ 5 లోపల ఉంటే బాగున్నట్టు. 10 దాకా చాలా కార్లు హాయిగా తిరుగుతాయి. 10 దాటి అక్కడే కూర్చుంటే కారణం వెతకాలి. 20, 25 దగ్గరికి వెళ్లేసరికి చాలా కార్లలో లైట్ వెలుగుతుంది.

ఇప్పుడు చాలామంది తప్పుగా చదివేది ఇక్కడే. ట్రిమ్ ప్లస్‌లో ఉందంటే ఇంజిన్ రిచ్‌గా ఉంది, పెట్రోల్ ఎక్కువ తాగుతోంది అనుకుంటారు. కాదు. ప్లస్ అంటే ఈసీయూ పెట్రోల్ కలుపుతోంది. ఎందుకు కలుపుతోంది? తక్కువైంది కాబట్టి. అంటే ప్లస్ చూస్తే అసలు జబ్బు లీన్. మైనస్ చూస్తే అసలు జబ్బు రిచ్. ట్రిమ్ అనేది మందు డోసు, జబ్బు కాదు.

దీంతో ఇంకో ముక్క కూడా తేలుతుంది. లాంగ్ టర్మ్ +18 ఉన్న కారులో ఆక్సిజన్ సెన్సర్ గ్రాఫ్ చూస్తే చక్కగా, నార్మల్‌గా కనిపించొచ్చు. ఎందుకంటే ఈసీయూ 18 శాతం అదనంగా పోసి దాన్ని నార్మల్‌కి తెచ్చింది. అందుకే సెన్సర్ రీడింగ్ ఒక్కటే చూసి "అంతా బాగుంది" అనకండి, ట్రిమ్ ఒక్కటే చూసి "సెన్సర్ పోయింది" అని కూడా అనకండి.

సెన్సర్ సంగతికి వద్దాం. ఇది కొత్త వస్తువేం కాదు. 1976లోనే బాష్ కంపెనీ చేసిన లాంబ్డా సెన్సర్‌ని వోల్వో కార్లలో పెట్టారు, అమెరికాలో పొగ రూల్స్ గట్టిగా ఉండటం వల్ల. లోపల జిర్కోనియా అనే సిరామిక్ ఉంటుంది. ఒక పక్క పొగ, ఇంకో పక్క బయటి గాలి. రెండింటిలో ఆక్సిజన్ తేడాని బట్టి చిన్న వోల్టేజ్ పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగిలితే 0.1 వోల్ట్ దగ్గర, అంటే లీన్. మిగలకపోతే 0.9 దగ్గర, అంటే రిచ్. మధ్య గీత 0.45. వేడెక్కిన మంచి ఇంజిన్‌లో ముందు సెన్సర్ ఈ గీతని అటూ ఇటూ దాటుతూనే ఉంటుంది. ఒకచోట నిలబడకపోవడమే దాని ఆరోగ్యం. ఈసీయూ కొంచెం పోస్తుంది, రిచ్ అంటుంది, తగ్గిస్తుంది, లీన్ అంటుంది, మళ్లీ పోస్తుంది.

కొన్ని కార్లలో, ముఖ్యంగా కొత్త వాటిలో, ముందు సెన్సర్ వైడ్‌బ్యాండ్ రకం ఉంటుంది. అది వోల్టేజ్ గెంతులు వేయదు. యాప్‌లో లాంబ్డా 1.00 దగ్గర దాదాపు స్థిరంగా కనిపిస్తుంది. 1 కంటే ఎక్కువైతే లీన్, తక్కువైతే రిచ్. మీ కారులో గెంతులు లేవని సెన్సర్ చచ్చిపోయిందనుకోకండి, ముందు ఏ రకమో చూసుకోండి.

ఈ సెన్సర్ కొలిచేది ఆక్సిజన్‌ని, పెట్రోల్‌ని కాదు. ఈ మాట గట్టిగా పట్టుకోండి. ఒక స్పార్క్ ప్లగ్ సరిగ్గా కొట్టట్లేదు అనుకోండి. ఆ సిలిండర్‌లో పెట్రోల్ కాలదు, దాంతోపాటు ఆక్సిజన్ కూడా కాలకుండా అలాగే బయటికి వస్తుంది. పచ్చి పెట్రోల్ వాసన గుప్పుమంటున్నా సెన్సర్ మాత్రం "ఆక్సిజన్ ఎక్కువుంది, లీన్" అంటుంది. పాపం ఈసీయూ ఇంకా పోస్తుంది. ఆ కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలి, దాన్ని లోపలే కరిగించేస్తుంది. అలాగే సెన్సర్ కంటే ముందు సైలెన్సర్ జాయింట్‌లో చిన్న లీకేజీ ఉంటే, బయటి గాలి లోపలికి పీల్చుకుని, మళ్లీ లీన్ అంటుంది. రెండు సందర్భాల్లోనూ సెన్సర్ చూసింది చూసినట్టే చెప్పింది. కాబట్టి పి0171తో పాటు పి0300 నుంచి మొదలయ్యే మిస్‌ఫైర్ కోడ్‌లు ఉంటే, ముందు ప్లగ్గులు, కాయిల్స్ సంగతి చూడండి. ట్రిమ్ సంగతి తర్వాత.

సరే, ఇప్పుడు పది నిమిషాల పరీక్ష. కారు బయట ఖాళీ స్థలంలో పెట్టండి, ఎండు గడ్డి మీద వద్దు, హ్యాండ్ బ్రేక్ వేయండి, న్యూట్రల్. ఏసీ ఆఫ్. కూలెంట్ 80 డిగ్రీలు దాటేదాకా ఆగండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఈసీయూ సెన్సర్ మాట వినదు, దాన్ని ఓపెన్ లూప్ అంటారు. యాప్‌లో ఫ్యూయల్ సిస్టమ్ స్టేటస్ అని ఉంటుంది, అందులో క్లోజ్డ్ లూప్ అని వచ్చాకే అంకెలు రాసుకోండి.

యాప్‌లో నాలుగే నాలుగు పెట్టుకోండి: షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్, ముందు ఆక్సిజన్ సెన్సర్, ఆర్‌పీఎం. ఇరవై పెట్టుకుంటే చవక డాంగిల్ ఒక్కోదాన్నీ వంతులవారీగా అడుగుతుంది, గ్రాఫ్ మెల్లగా కదులుతుంది. అది చూసి "సెన్సర్ స్లో అయిపోయింది అన్నా" అని మెసేజ్ పెడతారు. స్లో అయింది సెన్సర్ కాదు, మీ డాంగిల్.

ఐడ్లింగ్‌లో ఒక నిమిషం చూసి రాసుకోండి. తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర కాలు కదపకుండా ఒక నిమిషం పట్టుకుని రాసుకోండి. మూడోది రోడ్డు మీద, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో ఘాట్ ఎక్కేటప్పుడో, టాప్‌కి ఒక గేరు కింద. ఈ మూడోది నడిపేవాళ్లు చూడొద్దు, ఫోన్ పక్క సీట్లో వాళ్ల చేతికివ్వండి. ఫుల్‌గా కాలు తొక్కితే ఈసీయూ మళ్లీ ఓపెన్ లూప్‌లోకి వెళ్లిపోతుంది, అందుకే సగం థ్రాటిల్ చాలు.

ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఒక సూత్రం చెప్తారు. ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి 2500 దగ్గర తగ్గితే వాక్యూమ్ లీక్ అని. కారణం సింపుల్: ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చేదే కొంచెం గాలి, అందులో పైపు పగులులోంచి దొంగచాటుగా వచ్చే గాలి పెద్ద వాటా అవుతుంది. రెయిజ్ చేస్తే అసలు గాలి పెరుగుతుంది, దొంగ గాలి వాటా తగ్గిపోతుంది. సూత్రం కరెక్టే. కానీ అది మాఫ్ సెన్సర్ ఉన్న కార్లకి, అంటే ఎయిర్ ఫిల్టర్ తర్వాత పైపులో కూర్చుని వచ్చే గాలిని నేరుగా తూకం వేసే సెన్సర్ ఉన్నవాటికి.

మన రోడ్ల మీద తిరిగే చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి మాఫ్ ఉండదు, మాప్ ఉంటుంది. ఫ తీసేసి ప పెట్టినట్టుంది కానీ పని వేరు. ఇది మ్యానిఫోల్డ్‌లో ప్రెషర్ చూసి గాలి ఎంతుందో లెక్క కడుతుంది. ఇప్పుడు పగులులోంచి గాలి వస్తే మ్యానిఫోల్డ్‌లో ప్రెషర్ పెరుగుతుంది, మాప్ అది చూసేస్తుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ పోసేస్తుంది. ట్రిమ్ పెద్దగా కదలకపోవచ్చు. బదులుగా ఐడ్లింగ్ ఎత్తుగా ఉంటుంది, లేదా ఆర్‌పీఎం పైకీ కిందికీ ఊగుతుంది. మ్యానిఫోల్డ్ ప్రెషర్ మామూలుగా వేడి ఇంజిన్‌లో, ఏసీ ఆఫ్‌లో, సముద్రమట్టానికి దగ్గర ఊళ్లో 30 నుంచి 40 కిలోపాస్కల్స్ మధ్య ఉండాల్సింది పైకి ఎక్కి కూర్చుంటుంది. అమెరికా వీడియోలు చూసి మన కారుకి అదే సూత్రం వేసి, "ఐడ్లింగ్‌లో ట్రిమ్ బాగుంది కాబట్టి లీక్ లేదు" అని తేల్చేస్తే దెబ్బతింటారు. బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటాక పైపు మీద వైర్ కనెక్టర్ ఉన్న సెన్సర్ ఉందో లేదో చూసుకోండి. ఉంటే అది గాలి టెంపరేచర్ సెన్సర్ కూడా అయ్యుండొచ్చు, మెకానిక్ అన్నని అడిగితే ఒక్క చూపులో చెప్తాడు.

లీక్ వెతకడానికి ఇంజిన్ నడుస్తుండగా కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టే అలవాటుంది. వేడి సైలెన్సర్ మీద పడితే మంటలే. స్మోక్ టెస్ట్ చేసే గ్యారేజీలు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి, అక్కడ చేయించుకోండి.

ఇప్పుడు మన ఖమ్మం తమ్ముడి అంకెలు. మాప్ ఉన్న కారు. ఐడ్లింగ్‌లో మొత్తం +5. 2500 దగ్గర +13. రోడ్డు మీద ఎత్తు ఎక్కేటప్పుడు +22. చూశారా, ఇంజిన్ ఎంత ఎక్కువ అడిగితే లోటు అంత పెరుగుతోంది. దాహం తక్కువ ఉన్నప్పుడు కుళాయి సరిపోతోంది, ఇంటికి చుట్టాలు వచ్చిన రోజు సరిపోవట్లేదు. అంటే పెట్రోల్ సప్లై మీదే మొదటి అనుమానం. పంపు బలహీనమైందా, ఫిల్టర్ మూసుకుపోయిందా, ఇంజెక్టర్లకి మట్టి పట్టిందా.

మరి సెన్సర్ మాటేమిటి? దానికి ఒక చిన్న పరీక్ష చెప్పాను తమ్ముడికి. 2500 దగ్గర నుంచి యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కి వదిలెయ్. తొక్కగానే పెట్రోల్ ఎక్కువ పడుతుంది, సెన్సర్ 0.8 దాటి పైకి ఎగరాలి. వదలగానే ఈసీయూ పెట్రోల్ పూర్తిగా కట్ చేస్తుంది, సెన్సర్ 0.1కి పడిపోవాలి. వాళ్ల కారులో రెండూ టకటకా జరిగాయి, వీడియో పంపాడు. అంటే సెన్సర్ బతికే ఉంది, చూసింది చెప్తోంది. తర్వాత వేరే మెకానిక్ దగ్గర ఫ్యూయల్ రైల్‌కి ప్రెషర్ గేజ్ పెట్టించాడు. ఇలాంటి ఇంజిన్లలో మామూలుగా 3 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది, మీ కారుకి ఎంతుండాలో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. వాళ్లది ఐడ్లింగ్‌లో దాదాపు సరిపోయి, రెయిజ్ చేస్తుంటే దిగిపోతోంది. ట్యాంకులోంచి పంపు తీసి చూస్తే కింద ఉండే జాలీ నల్లగా, జిగటగా మూసుకుపోయి ఉంది. జాలీ, ఫిల్టర్ మార్చారు. వారం తర్వాత అంకెలు పంపాడు: మూడు చోట్లా 5 లోపలే.

సెన్సర్ మార్చుంటే ఏమయ్యేది? కోడ్ క్లియర్ చేసి ఇస్తారు కదా, లైట్ ఆరిపోయేది. ఈసీయూ నేర్చుకున్నదంతా సున్నా అయ్యేది. నాలుగు రోజులు బాగుందనిపించి, మళ్లీ నేర్చుకుని, మళ్లీ లైట్. ఈలోగా హైవేలో ఓవర్‌టేక్ చేస్తుంటే పెట్రోల్ అందక బండి గుంజడం మానేస్తే? ఎదురుగా లారీ ఉన్నప్పుడు అది చిన్న విషయం కాదు.

సెన్సర్ నిజంగా పోయినప్పుడు వేరే గుర్తులుంటాయి. పి0135 లాంటి హీటర్ కోడ్ వస్తుంది, ఎందుకంటే సెన్సర్ సుమారు 300 డిగ్రీలు దాటితేగానీ పనిచేయదు, లోపలి హీటర్ కాలిపోతే మేలుకోవడానికే టైం పడుతుంది. పి0133 అంటే స్పందన నెమ్మదించింది అని. లేదా తొక్కినా వదిలినా గ్రాఫ్ ఒకేచోట గీత గీసినట్టు ఉంటుంది. అప్పుడు కూడా ముందు వైరు, కనెక్టర్ చూడండి. ఎలకలు కొరికిన వైర్లు మన దగ్గర తక్కువేం కాదు.

మైనస్ ట్రిమ్ గురించి కూడా ఒక మాట. −12, −15 ఉంటే ఎక్కడినుంచో అడగని పెట్రోల్ వస్తోంది. కారే ఇంజెక్టర్, ఎక్కువైన ప్రెషర్, లేదా పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌కి పంపే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోవడం. ట్యాంక్ ఫుల్ చేయించగానే స్టార్టింగ్ ఇబ్బంది పెడుతుంటే ఈ వాల్వ్ మీద అనుమానపడండి. ఎయిర్ ఫిల్టర్ మురికైతే రిచ్ అవుతుందనే మాట కార్బ్యురేటర్ కాలం నాటిది. ఇప్పటి కారు వచ్చిన గాలినే కొలుచుకుని దానికి తగ్గట్టే పోసుకుంటుంది. ఫిల్టర్ మూసుకుపోతే పవర్ తగ్గుతుంది, ట్రిమ్ కాదు.

బయట సీఎన్‌జీ కిట్ పెట్టించిన వాళ్లు ఇది తప్పకుండా వినాలి. చాలా కిట్లలో గ్యాస్ మీద నడుస్తున్నప్పుడు కూడా లెక్క వేసేది పెట్రోల్ ఈసీయూనే, గ్యాస్ కంప్యూటర్ దాన్ని అనువాదం చేస్తుంది. ట్యూనింగ్ సరిగ్గా చేయకపోతే ఈసీయూ గ్యాస్ తప్పుని సరిదిద్దుతూ ట్రిమ్ నేర్చుకుంటుంది. తర్వాత పెట్రోల్‌కి మార్చగానే ఆ అలవాటునే పెట్రోల్ మీద చూపిస్తుంది. బండి జర్కులిస్తుంది, మీరు పెట్రోల్‌ని తిడతారు. వేడి ఇంజిన్‌లో పెట్రోల్ మీద ట్రిమ్ రాసుకుని, గ్యాస్‌కి మార్చి పది నిమిషాలు నడిపి మళ్లీ రాసుకోండి. రెండింటికీ 10కి మించి తేడా ఉంటే కిట్ పెట్టినవాళ్ల దగ్గరికి ల్యాప్‌టాప్ ట్యూనింగ్‌కి వెళ్లండి, ఆ అంకెలు చూపించి మరీ అడగండి.

ఇక కామెంట్లలో ఎక్కువమంది అడిగేది: "ఈ20 పెట్రోల్ వచ్చాక నా లాంగ్ టర్మ్ +5 అయింది, ప్రాబ్లమా?" లెక్క చూద్దాం. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది, కిలోకి 9 కిలోల గాలి చాలు. 10 శాతం కలిపిన పెట్రోల్‌కి సుమారు 14.1, 20 శాతం కలిపినదానికి సుమారు 13.5. అంటే అదే గాలికి నాలుగైదు శాతం పెట్రోల్ ఎక్కువ పోయాలి. పాత లెక్కతో ట్యూన్ చేసిన ఈసీయూ ఆ నాలుగైదు శాతాన్నే ట్రిమ్‌లో చూపిస్తోంది. బియ్యం బస్తా మారింది, అంతే. అది రోగం కాదు. కానీ ముందే +8 ఉన్న కారుకి ఇది తోడైతే +13 అవుతుంది. అప్పుడు పెట్రోల్‌ని అనకుండా ఆ మొదటి 8 ఎక్కడిదో వెతకండి. రబ్బరు పైపులు, సీళ్లు ఈ20ని తట్టుకుంటాయా అనేది ట్రిమ్ చెప్పదు, దానికి మీ కారు మాన్యువల్ చూడాలి.

ఆఖరుగా సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకి ఓబీడీ 2 తప్పనిసరి, కాబట్టి ఆ తర్వాతి కార్లయితే డాంగిల్ జేబులో వేసుకుని వెళ్లండి. లైట్ వెలగట్లేదు కదా అని సంతోషపడకండి, పది నిమిషాల ముందే కోడ్ క్లియర్ చేసి ఉండొచ్చు. అలా క్లియర్ చేస్తే రెండు జాడలు మిగులుతాయి. ఒకటి, లాంగ్ టర్మ్ ట్రిమ్ ఐడ్లింగ్‌లోనూ 2500 దగ్గరా అచ్చంగా 0.0 చూపిస్తుంది. వేల కిలోమీటర్లు తిరిగిన కారు ఏదో ఒకటి నేర్చుకోకుండా ఉండదు. రెండు, యాప్‌లో రెడీనెస్ మానిటర్స్ అనే పేజీలో క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్ ఎదురుగా "ఇన్‌కంప్లీట్" అని ఉంటుంది. బ్యాటరీ మార్చినా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి అమ్మేవాళ్లని వెంటనే దొంగలనేయకండి. "అన్నా, రెండు రోజులు మామూలుగా తిప్పండి, శనివారం వచ్చి మళ్లీ చూసుకుంటాను" అనండి చాలు. నిజాయితీ ఉన్నవాళ్లు సరే అంటారు. "ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వకపోతే వేరే పార్టీ ఉంది" అంటే, ఆ వేరే పార్టీకే ఇచ్చేయమనండి.

మీ కారు అంకెలు పంపేటప్పుడు ఉత్త కోడ్ ఫోటో పంపకండి. కారు ఏ సంవత్సరం, మాపా మాఫా, ఐడ్లింగ్, 2500, రోడ్డు మీద, మూడు చోట్లా షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఎంతెంత, ఇవి రాసి పెట్టండి. క్యాటలిటిక్ కన్వర్టర్ వెనక ఉండే రెండో సెన్సర్, పి0420 కోడ్ గురించి వచ్చే వీడియోలో మాట్లాడుకుందాం. ఉంటాను మరి.